ఎర్ర రెయిన్‌కోటు గురించి మీ ఉత్తరాలు

పోయిన నెల ఈ శీర్షికలో 'డోంట్ లుక్ నౌ' గురించి నాలుగు వాక్యాలు రాశాను. నికోలస్ రోగ్ 1973లో తీసిన సినిమా అది. ఎర్ర రెయిన్‌కోటు వేసుకున్న కూతురు చెరువులో పడి చనిపోయాక, చర్చి మరమ్మతు పని మీద వెనిస్ వెళ్లిన ఇంగ్లిష్ దంపతుల కథ. జాన్‌గా డొనాల్డ్ సదర్లాండ్, లారాగా జూలీ క్రిస్టీ నటించారు. ఆ నాలుగు వాక్యాలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్ని కోపంగా ఉన్నాయి, రెండు మాత్రం చదివాక చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. అందుకే ఈ నెల జవాబులన్నీ ఈ ఒక్క సినిమాకే ఇస్తున్నాను. ముగింపు కూడా చెప్పేస్తున్నాను కాబట్టి, ఇంకా చూడనివాళ్లు చూశాకే చదవండి.

ప్రశ్న: మీరు రాశారని నేనూ మా ఆయనా కూర్చుని చూశాం. ఏదో జరగబోతోందన్న టెన్షన్ తప్ప రెండు గంటలూ ఏమీ జరగలేదు. చివరికి ఎర్ర కోటులో ఉన్నది చనిపోయిన పాప కాదు, ఎవరో ముసలి హంతకురాలు అని తేలింది. మా ఆయన "ఇంతేనా?" అని లేచిపోయారు. దీన్ని గొప్ప సినిమా అని ఎందుకంటారు? మాకు అర్థం కాలేదా, అందులోనే ఏమీ లేదా?

జవాబు: మీ ఆయన అన్న మాటకు మీరేమీ నొచ్చుకోవద్దండీ. సినిమా వచ్చినప్పుడే పేరున్న విమర్శకులు దాదాపు అదే మాట అన్నారు. న్యూయార్క్ టైమ్స్‌లో విన్సెంట్ కాన్బీ దీన్ని సబ్బు బుడగతో పోల్చారు. పైన రంగులు మెరుస్తాయి గానీ కాసేపు చూస్తే లోపల ఏమీ లేదని తెలిసిపోతుందని ఆయన అభిప్రాయం. న్యూయార్కర్‌లో పాలిన్ కేల్ సినిమా అల్లికను బాగా మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే, అదేదో చెమ్మ పట్టినట్టుందని, ఒంటికి పడలేదని కూడా రాశారు. షికాగోలో రోజర్ ఈబర్ట్‌కు సినిమా పనితనం నచ్చింది, ముగింపు నచ్చలేదు.

ఈబర్ట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆయన ఈ సినిమాను అక్కడితో వదిలేయలేదు. తర్వాత ఎన్నోసార్లు చూశారు, షాట్ తర్వాత షాట్ ఆపి మరీ చూశారు. 2002లో తన 'గొప్ప సినిమాల' వరుసలో దీని గురించి మళ్లీ రాస్తూ, ఆ ముగింపుతో ఒక రాజీకి వచ్చానని ఒప్పుకున్నారు. ఒక విమర్శకుడు దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత తన మాటను తనే తిరిగి చూసుకోవడం నాకెంతో గౌరవంగా అనిపిస్తుంది. నచ్చనిది నచ్చలేదని చెప్పారు, చెప్పి కూడా వదలకుండా చూస్తూనే ఉన్నారు.

బ్రిటన్‌లో ఈ సినిమాకు జోడీగా 'ది వికర్ మ్యాన్' వేశారు. ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు, ఇది అసలు సినిమా, అది తోడు సినిమా. తోడు సినిమా కాబట్టి దాన్ని గంటన్నర లోపుకు కత్తిరించి వదిలారు. ఆ పూట హాల్లో కూర్చున్నవాళ్లలో ఎంతమంది మీ ఆయనలాగే లేచి వెళ్లారో! ఆ రెండు సినిమాలనూ ఇప్పుడు క్లాసిక్‌లంటున్నారు. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వేసిన వంద బ్రిటిష్ సినిమాల జాబితాలో 'డోంట్ లుక్ నౌ' ఎనిమిదోది. 2011లో టైమ్ అవుట్ పత్రిక లండన్‌లో సినిమావాళ్లను అడిగి వేసిన జాబితాలో ఇదే మొదటిది.

జాబితాలో ఉంది కాబట్టి మీకు నచ్చి తీరాలని నేననను. ఇంతమంది మనసు ఎందుకు మార్చుకున్నారో మాత్రం నాకు తోచింది చెబుతాను. మొదటిసారి చూసేటప్పుడు మనం హంతకుడి కోసం చూస్తాం. కాలువలోంచి శవాలు తీస్తున్నారు, పోలీసులు తిరుగుతున్నారు, సందుల్లో ఎర్రగా ఏదో కదులుతోంది. కాబట్టి చివర్లో పెద్ద సమాధానం దొరుకుతుందని ఎదురుచూస్తాం. దొరికిన సమాధానం చాలా చిన్నది. రెండోసారి చూసేటప్పుడు ఆ కోటులో ఎవరున్నారో మనకు ముందే తెలుసు. అప్పుడు మన కళ్లు జాన్ మీదికి వెళ్తాయి. అతనికి ఒక శక్తి ఉంది, జరగబోయేది ముందే కనబడుతుంది. మొదటి సీన్‌లో తను చూస్తున్న చర్చి ఫొటో స్లైడ్ మీద ఎరుపు పాకడం చూసి, ఎవరూ పిలవకుండానే ఇంట్లోంచి చెరువు వైపు పరుగెత్తినవాడు అతనే. కానీ అతను రాళ్లనూ సున్నాన్నీ నమ్మే మనిషి, తన కళ్లకు కనబడిన దాన్ని తనే నమ్మడు. వెనిస్‌లో పరిచయమైన అక్కచెల్లెళ్లలో ఒకరు, అంధురాలైన హీథర్ అనే పెద్దావిడ, వెనిస్ వదిలి వెళ్లిపొమ్మని చెప్పినా లెక్కచేయడు.

చివర్లో ఎర్ర కోటు వెనకపడి వెళ్లి ఆ చిన్న ఆకారాన్ని మూలకు చేర్చాక అతను ఎలా మాట్లాడతాడో ఒక్కసారి వినండి. తప్పిపోయి ఏడుస్తున్న పిల్లను ఊరడించే గొంతు అది. భయం లేదు, నేనున్నానన్నట్టు. అప్పుడు ఆమె ఇటు తిరిగి, మెల్లగా తల అడ్డంగా ఊపుతుంది. నువ్వు వెతుకుతున్నది నేను కాదు అన్నట్టుంటుంది ఆ ఊపడం. కోటులో నిజంగా పాపే ఉంటే మనం ఊరట పొంది ఇంటికి వెళ్లేవాళ్లం. ఆ ఊరట అతనికీ దొరకలేదు, మనకూ దొరకలేదు. ఆ దొరకకపోవడమే ఈ సినిమా కథ అని నేను నమ్ముతున్నాను.

మీకు ఓపిక ఉంటే మొదటి ఏడెనిమిది నిమిషాలు మాత్రం మళ్లీ చూడండి. మీ ఆయనను బలవంతపెట్టకండి. నేను ఇరవై రెండేళ్ల వయసులో ఫిల్మ్ సొసైటీలో మొదటిసారి ఈ సినిమా చూసి వచ్చి నోట్‌బుక్‌లో "మోసం" అని ఒకే ఒక్క మాట రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ప్రశ్న: ఇది హారర్ సినిమానా, థ్రిల్లరా? నాకు దెయ్యాల సినిమాలంటే భయం. ఒంటరిగా చూడవచ్చా?

జవాబు: దెయ్యం కనబడదు. ఉలిక్కిపడేలా చేసేవి కూడా చాలా తక్కువ. చివరి రెండు నిమిషాల్లో మాత్రం రక్తం ఉంది, అది బాగా గట్టిగానే ఉంది. మీరు పగటిపూట చూడండి.

ప్రశ్న: మా అక్క కొడుకు రెండేళ్ల కిందట ప్రమాదంలో పోయాడు. పదేళ్లవాడు. అక్క ఇప్పటికీ సరిగ్గా ఎవరితోనూ మాట్లాడదు. స్నేహితురాలొకరు, దుఃఖం గురించి ఇంత బాగా తీసిన సినిమా మరొకటి లేదని, అక్కకు చూపించమని అంటున్నారు. చూపించవచ్చా? నా పేరు వేయకండి.

జవాబు: అమ్మా, మీరుగా చూపించవద్దు. మొదటి సీన్‌లోనే తండ్రి నీళ్లలోకి దిగి పాపను ఎత్తుకుని పైకి వస్తాడు. ఏడుపులా కూడా లేని ఒక అరుపు అతని గొంతులోంచి వస్తుంది. నిజంగా అలాంటిది చూసినవాళ్లకు ఆ ఒక్క నిమిషం ఏం చేస్తుందో మనం చెప్పలేం. తర్వాత తల్లి ఆ దృశ్యాన్ని చూసి కేక పెడుతుంది. ఆ కేక సగంలో ఉండగానే వెనిస్ చర్చి గోడలో దిగుతున్న డ్రిల్లింగ్ మెషిన్ చప్పుడుగా మారిపోతుంది. సినిమావాళ్లు మెచ్చుకునే ఎడిటింగ్ అది, నేనూ మెచ్చుకుంటాను. అయినా మీ అక్కను ఆ కేక ముందు కూర్చోబెట్టడానికి నేను ఒప్పుకోను.

ఒకవేళ అక్క తనంతట తను అడిగితే, మొదట్లో ఏముందో ముందే చెప్పండి. పక్కన కూర్చోండి. ఆపమంటే ఆపేయండి. సినిమా ఏ గాయాన్నీ మాన్పదు. అక్క సరిగ్గా మాట్లాడటం లేదంటున్నారు కాబట్టి, ఇలాంటి బాధలో ఉన్నవాళ్లతో మాట్లాడటం తెలిసిన డాక్టరు దగ్గరికి తనను తీసుకువెళ్లడం ముందు చేయవలసిన పని. బాబు పేరు మీరు ఇంట్లో పలకడం మానేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టండి. మా ఇంట్లో మేం మానేశాం, అది తప్పయింది.

ఇంతవరకూ వచ్చాను కాబట్టి నా సంగతి కూడా చెబుతాను. మా తమ్ముడు పదకొండేళ్లప్పుడు నీళ్లలో పోయాడు. అప్పటికి నాకు పదిహేడు. వాడికొక నీలం గళ్ల చొక్కా ఉండేది, బడి సంచి బరువుకు ఎడమ భుజం వంచి నడిచేవాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు, జనంలో ఎక్కడైనా నీలం గళ్ల చొక్కాతో ఒక పిల్లవాడు అటు తిరిగి నడుస్తుంటే నా కాళ్లు వాటంతటవే వేగం పెంచేవి. దాటి ముందుకు వెళ్లి ముఖం చూసేదాన్ని. నాకు ముప్పై అయిదేళ్లు వచ్చాక కూడా నేను వెతికింది పదకొండేళ్ల పిల్లవాణ్ణే. ఉండి ఉంటే వాడికి ఇరవై తొమ్మిది వచ్చేవి. ఆ లెక్క నా తలకు తెలుసు గానీ నా కాళ్లకు తెలియదు.

ఇరవై రెండేళ్ల వయసులో నేను "మోసం" అని రాసుకోవడానికి కారణం క్లైమాక్స్ అనే ఎన్నో ఏళ్లు అనుకున్నాను. నలభై దాటాక డీవీడీలో మళ్లీ చూశాను. జాన్ ఆ సందుల్లో ఎర్ర కోటు వెనక పరుగెత్తుతుంటే నాకు ఊపిరి ఆడలేదు. అంత చదువుకున్న మనిషి, చనిపోయిన కూతురు వెనిస్‌లో తిరగదని తెలియదా? తెలుసు. ఎర్రగా కనబడగానే కాళ్లు కదిలాయి, అంతే. మొదటిసారి చూసినప్పుడు నాకు కోపం వచ్చింది కథ మీద కాదని ఆ రాత్రి తెలిసింది. ఆ ముఖం ఇటు తిరిగినప్పుడు, నీలం చొక్కా పిల్లలందరూ ఒకేసారి ఇటు తిరిగినట్టయింది నాకు. నచ్చనివాళ్లందరికీ ఇలాంటి కారణం ఉంటుందని నేనను. నాకు మాత్రం ఇదీ కారణం.

మీ అక్క విషయంలో తొందరపడకండి. వీలైతే మళ్లీ రాయండి.

ప్రశ్న: ఆ పడకగది సీన్ అవసరమా? పిల్లలు పక్కన ఉండగా పెట్టుకుని ఇబ్బంది పడ్డాం. దుఃఖం గురించిన సినిమాలో అది ఎందుకు?

జవాబు: ఇది పిల్లలతో చూసే సినిమా కాదు. ఆ సంగతి పోయిన నెలే రాయాల్సింది, రాయకపోవడం నా పొరపాటు, క్షమించండి. బ్రిటన్‌లో దీన్ని పెద్దలకు మాత్రమే అంటూ ఎక్స్ సర్టిఫికెట్‌తో విడుదల చేశారు. అమెరికాలో సెన్సార్ రేటింగ్ కోసం ఆ సీన్‌లోంచి తొమ్మిది ఫ్రేములు తీశారు. తొమ్మిది ఫ్రేములంటే అర సెకను కూడా కాదు. తర్వాత బీబీసీ టీవీలో మొదటిసారి వేసినప్పుడు సీన్ మొత్తాన్నీ ఎత్తేస్తే, ఎందుకు తీశారని చూసేవాళ్లే ఫిర్యాదు చేశారు. నటులిద్దరి మీదా లేనిపోని పుకార్లు కూడా పుట్టాయి. సదర్లాండ్ వాటిని ఖండించారు. ఆ పుకార్లు ఎంత దూరం వెళ్లాయంటే, ఏళ్ల తరబడి సినిమా గురించి మాట్లాడేవాళ్లు ఆ సీన్ గురించే మాట్లాడారు. అది నాకు బాధ కలిగించే సంగతి.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఆ సీన్ మొదట స్క్రిప్ట్‌లో లేదు. అది లేకపోతే భార్యాభర్తలు సినిమా అంతా గొడవ పడుతూనే కనబడతారని రోగ్‌కు అనిపించి చేర్చారు. తీసిన పద్ధతి చూడండి. వాళ్లు దగ్గరవుతున్న ముక్కల మధ్య మధ్యలో, ఆ తర్వాత బయటికి భోజనానికి వెళ్లడానికి బట్టలు వేసుకుంటున్న ముక్కలు వస్తాయి. ఒకరు బెల్టు పెట్టుకుంటారు, ఇంకొకరు అద్దంలో చూసుకుంటారు, ఎవరి ధ్యాసలో వాళ్లుంటారు. దగ్గరితనం ఇంకా పూర్తి కాకముందే మనకు అది గడిచిపోయిన సంగతిలా కనబడుతుంది. బిడ్డ పోయిన తర్వాత భార్యాభర్తలు ఒకరినొకరు తాకడానికి కూడా భయపడతారని అనుభవించినవాళ్లు చెబుతారు. చాలా కాలం తర్వాత ఆ రాత్రి వాళ్లిద్దరూ మళ్లీ భార్యాభర్తలయ్యారు. ఆ ఒక్క పూట చూశాం కాబట్టే చివర్లో ఇనప గేటు అవతల లారా నిలబడి పిలుస్తుంటే మనకు అంత దుఃఖం వస్తుంది. నా మటుకు ఆ సీన్ ఉండాలి.

ప్రశ్న: నేను షార్ట్ ఫిల్ములకు ఎడిటింగ్ చేస్తాను మేడమ్. ఈ సినిమాలో నీళ్లు, గాజు, ఎరుపు మాటిమాటికీ వస్తాయి. ఒక్కోదానికి అర్థం ఏమిటో చెప్పగలరా?

జవాబు: బాబూ, ఎరుపంటే చావు, నీళ్లంటే ఇది అని పట్టిక వేసుకుంటే ఈ సినిమా చేతిలోంచి జారిపోతుంది. అర్థాలు పక్కన పెట్టి, ఏ షాట్ ఏ షాట్‌ను పిలుస్తోందో చూడు. మొదటి సీన్ తీసుకో. బయట పాప మెరిసే ఎర్ర రెయిన్‌కోటు వేసుకుని చెరువు దగ్గర ఆడుకుంటోంది. లోపల జాన్ చర్చి స్లైడ్లు చూస్తున్నాడు, ఒక స్లైడ్‌లో ఎర్ర టోపీతో ఎవరో కూర్చుని ఉన్నారు. కొడుకు సైకిల్ ఒక గాజు పలక మీదుగా వెళ్తుంది, పలక పగులుతుంది. లోపల జాన్ తలెత్తుతాడు. గ్లాసు ఒలుకుతుంది, తడిసిన స్లైడ్ మీద ఎరుపు పాకుతుంది. లోపల జరిగేదానికీ బయట జరిగేదానికీ ఏ సంబంధమూ లేదు. కత్తిరించి పక్కపక్కన పెట్టడం వల్లే మనకు సంబంధం కనబడుతోంది. జాన్‌కు కూడా సరిగ్గా అలాగే కనబడుతోంది. అంటే ఆ కొన్ని నిమిషాల పాటు ఎడిటింగే జాన్ బుర్ర. ఎడిటర్ గ్రేమ్ క్లిఫర్డ్ చేసిన ఈ పనిని నువ్వు టైమ్‌లైన్ మీద పెట్టుకుని ఒక్కొక్క కట్ లెక్కపెట్టు, నేను చెప్పేదానికన్నా ఎక్కువ నేర్చుకుంటావు.

అదే సీన్‌లో ఇంకో సంగతి. భూమి గుండ్రంగా ఉంటే గడ్డకట్టిన చెరువు ఎందుకు బల్లపరుపుగా ఉంటుందని పాప అడిగిందట, లారా జవాబు కోసం పుస్తకం తిరగేస్తోంది. జాన్ పనిలోంచి తల తిప్పకుండానే, ఏదీ పైకి కనబడినట్టు ఉండదని అంటాడు. సినిమా మొత్తాన్నీ అతని నోటే చెప్పించేశారు. ఏదో పరధ్యానంగా అన్న మాట కాబట్టి మనం పట్టించుకోం, అన్నవాడూ పట్టించుకోడు.

సంగీతం కూడా విను. పీనో దొనాజ్జో వెనిస్ వాడే, గాయకుడిగా పేరున్నవాడు, సినిమాకు సంగీతం చేయడం మాత్రం ఇదే మొదలు. మొదట్లో వచ్చే పియానో బాణీ తడబడుతూ, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్ల వాయించినట్టుంటుంది. ఆయన గొప్ప పియానిస్టు కాకపోయినా తనే వాయించారు, అది అలా ఉండటమే వాళ్లకు కావాలి. అదే బాణీ తర్వాత నిండుగా, తడబాటు లేకుండా వచ్చినప్పుడు నాకు ఆ పిల్ల పెద్దదై ఉంటే ఎలా వాయించేదో అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, ఎవరూ చెప్పింది కాదు.

ఇంకొకటి, నీ పనికి పనికొచ్చేది. వెనిస్ వాళ్లు ఇటాలియన్‌లో మాట్లాడుతుంటే కింద సబ్‌టైటిళ్లు లేవు. కావాలనే వేయలేదు. ఊరు మనకు కూడా పరాయిదిగా ఉండాలని. చలికాలంలో, టూరిస్టులు పోయి హోటళ్లు మూసుకునే రోజుల్లో తీశారు. గోండోలాల వెనిస్ ఇందులో కనబడదు. కెమెరామన్ ఆంటొనీ రిచ్‌మండ్‌కు బ్రిటన్ సినిమా పురస్కారమైన బాఫ్టా అవార్డు వచ్చింది. ఏడు నామినేషన్లలో గెలిచింది ఆ ఒక్కటే. ఎడిటింగ్‌కు కూడా రావాల్సింది అని నేను గట్టిగా అంటాను.

ప్రశ్న: చర్చి లోపల పరంజా మీంచి జాన్ వేలాడే సీన్‌లో నిజంగా సదర్లాండే ఉన్నారా?

జవాబు: ఉన్నారు. ఇన్సూరెన్స్ చిక్కు వల్ల స్టంట్ మనిషి చేయనంటే, ఆయనే తాడు పట్టుకుని వేలాడారు. ఆ చర్చి పేరు సాన్ నికోలో దెయ్ మెండికోలి. వెనిస్‌లో ఇప్పటికీ ఉంది. రోగ్ అంటే ఆయనకు ఎంత అభిమానమో చెప్పడానికి ఇంకో సంగతి కూడా ఉంది, తన కొడుకుల్లో ఒకరికి రోగ్ అనే పేరు పెట్టుకున్నారు.

ప్రశ్న: ఈ సినిమాకు ఆధారమైన డాఫ్నీ డ్యూ మారియర్ కథ చదివాను, నాకు సినిమా కన్నా కథే నచ్చింది. కథను ఎందుకు మార్చారు?

జవాబు: కథ కూడా చాలా గట్టిదే, 1971లో వచ్చింది. ప్రధానమైన మార్పులు రెండు. కథలో పాప మెనింజైటిస్‌తో, అంటే మెదడు పొరల వాపు జ్వరంతో చనిపోతుంది, సినిమాలో నీళ్లలో మునిగి. కథలో దంపతులు కాస్త మనసు తేలికపడుతుందని విహారానికి వచ్చారు, సినిమాలో జాన్ పని మీద వచ్చాడు. రెండు మార్పులూ సినిమాకు మంచే చేశాయి. జ్వరంతో పోయిన పాపకు తండ్రి అడ్డుపడలేడు. చెరువులో పోయిన పాప విషయంలో, ఇంకొంచెం ముందు పరుగెత్తి ఉంటే అన్న ఆలోచన తండ్రిని జీవితాంతం వదలదు. ఇక పని. బాధను మరిచిపోవడానికి మగవాళ్లు చాలామంది పనిలోకి దూరిపోతారు. లారా బాధను బయటికి మాట్లాడుతుంది, జాన్ గోడలకు మరమ్మతు చేస్తాడు. ఆ ఇద్దరి మధ్య దూరం ఏమిటో ఒక్క డైలాగ్ లేకుండా తెలిసిపోతుంది.

కథలో నాకు సినిమా కన్నా ఎక్కువ నచ్చేది ఒకటుంది, దాని మొదటి మాట. రెస్టారెంట్‌లో జాన్ భార్యతో "ఇప్పుడే అటు చూడకు" అంటాడు. రెండు టేబుళ్ల అవతల కూర్చున్న ముసలి అక్కచెల్లెళ్ల గురించి, లారాను నవ్వించడానికి అంటాడు. ఆమె నవ్వి చాలా రోజులైంది. పేరులో ఉన్న ఆ మాట అంత మామూలుగా, అంత ప్రేమగా మొదలవుతుంది. రచయిత్రికి మాత్రం సినిమా నచ్చింది. నచ్చిందని రోగ్‌కు ఉత్తరం కూడా రాశారు.

ప్రశ్న: నేను పొట్టిగా పుట్టినదాన్ని. రోడ్డు మీద పిల్లలు నన్ను చూసి పరుగెత్తడం నాకు అలవాటే. ఈ సినిమా చివర్లో నాలాంటి మనిషిని భయపెట్టే వస్తువులా చూపించారు. అందరూ ఇంత పొగుడుతుంటే ఈ మాట ఎవరూ ఎందుకు అనరు?

జవాబు: మీరు అన్నది నిజం. ఆ పాత్రకు పేరు లేదు, ఎందుకు చంపుతోందో లేదు, ముందూ వెనకా ఏమీ లేవు. ఆమె ఎత్తు, ఆమె ముఖం, ఈ రెండే భయానికి వాడుకున్నారు. మూల కథలోనూ అంతే. అదెలీనా పోయెరియో అనే ఇటాలియన్ నటి చేశారు. కొన్ని క్షణాలు మాత్రమే ముఖం కనబడినా, చూసినవాళ్లు మరిచిపోరు. ఆమె ప్రతిభ గురించి మాట్లాడినవాళ్లు మాత్రం చాలా తక్కువ.

ముఖం ఇటు తిరగడం గురించి నేను పైన ఎంతో రాశాను. దుఃఖం వైపు నుంచి చూసి రాశాను. ఆ ముఖం వైపు నుంచి ఎప్పుడూ చూడలేదని మీ ఉత్తరం చదివాకే తెలిసింది. జాన్ వెతుకుతున్నది దొరకకపోవడమే అక్కడ ముఖ్యమైతే, ఆ కోటులో ఎవరున్నా సరిపోయేది. ఇలాంటి మనిషే కావాలని అనుకోవడం ఆనాటి సినిమాకున్న దురలవాటు. సినిమా మీద నాకున్న ఇష్టం తగ్గదు. ఈసారి దీని గురించి రాసినప్పుడు మాత్రం మీ మాట కూడా రాస్తాను. రాసినందుకు మీకు నమస్కారం.

ప్రశ్న: చివర్లో జాన్ శవాన్ని పడవలో తీసుకెళ్తుంటే లారా ముఖం మీద చిన్న నవ్వులాంటిది కనబడుతుంది. భర్త పోతే ఎవరైనా నవ్వుతారా? నాకది అర్థం కాలేదు, అదే మనసులో ఉండిపోయింది.

జవాబు: నాకూ అదే ఉండిపోయింది. అది నవ్వని కూడా కచ్చితంగా చెప్పలేం. పెదవులు కొద్దిగా విచ్చుకుంటాయి, అంతే. ఆమె పిచ్చిదైపోయిందన్నవాళ్లున్నారు. జూలీ క్రిస్టీ నటన చూశాక నేనది ఒప్పుకోను, ఆ ముఖం అంత నిబ్బరంగా ఉంది.

వెనక్కి వెళ్లి రెస్టారెంట్ సీన్ గుర్తు చేసుకోండి. మీ పాప మీ ఇద్దరి మధ్యా కూర్చుని నవ్వుతోందని అంధురాలైన హీథర్ చెబుతుంది. లారా తమ టేబుల్ దగ్గరికి తిరిగి వచ్చి టేబుల్‌ మీద ఉన్నవన్నీ లాగేసుకుంటూ కూలిపోతుంది. కానీ ఆస్పత్రి మంచం మీద లేచాక ఆమె ముఖం మారిపోయి ఉంటుంది, నెలల తర్వాత మొదటిసారి తేలికగా మాట్లాడుతుంది. పాప ఎక్కడో ఉంది, సంతోషంగా ఉంది అన్నది ఆమెకు ఆ రోజు నుంచి నమ్మకం. ఆ నమ్మకం నిజమో కాదో సినిమా తేల్చదు. పాప దగ్గరికి ఇప్పుడు జాన్ కూడా వెళ్లాడని లారా అనుకుంటోందని నా ఊహ.

అదే పడవను అంతకుముందే ఒకసారి చూశాం, గుర్తుందా? లారా ఇంగ్లండ్ వెళ్లిన రోజు, నల్ల బట్టల్లో అక్కచెల్లెళ్లిద్దరితో కలిసి ఆమె ఎదురుగా పడవలో వెళ్లడం జాన్ చూస్తాడు. పేరు పెట్టి పిలుస్తాడు, ఆమె పలకదు. కంగారుపడి పోలీసుల దగ్గరికి వెళ్తాడు. అది తన అంత్యక్రియల పడవ అని అతనికి చివరి క్షణం దాకా తెలియదు. రెండోసారి ఆ పడవ వచ్చినప్పుడు లారా అలాగే నిలబడి ఉంటుంది, అక్కచెల్లెళ్లు అలాగే పక్కన ఉంటారు. ఈసారి పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఆమె చూపు మాత్రం, ఎవరో పిలిస్తే విన్నట్టే ఉంటుంది.